బేరం ఆడనివ్వని పిన్నిగారు

మొన్న ఏలూరులో మేనకోడలి సీమంతానికి వెళ్లి తిరిగివస్తూ, బస్టాండు ముందు తోపుడుబండి మీద జడక్లిప్పులు కనిపిస్తే ఆగాను. నా జడకి క్లిప్పులతో పనిపడి చాలాకాలమైంది. బేరం ఆడటం మాత్రం మానలేని జబ్బు. అతను ఒక ధర చెప్పాడు. నేను అందులో సగానికి ఇంకాస్త తగ్గించి అడిగాను. వెంటనే నా ఎడమ చెవి పక్కన ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉండరని నాకూ తెలుసు, ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. అయినా ఏం చేస్తాం, అతను చెప్పినంతా ఇచ్చేసి బస్సెక్కాను. భీమడోలు దాటేదాకా ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆవిడది మా తాడేపల్లిగూడెం బజారులో ఫ్యాన్సీ కొట్టు. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్లలు, సవరాలు, పిన్నీసులు. భర్త పెట్టిన కొట్టు, ఆయన పోయాక ఈవిడే కూర్చుంది. ఊరందరికీ గాజుల పిన్నిగారు. పెంటపాడు నుంచి పెళ్లిగాజులకి వచ్చేవాళ్లు కూడా అలాగే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

గాజులు తొడిగే పద్ధతి ఆవిడది వేరే. మన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లన్నీ ఒక దగ్గరికి నొక్కుతూ, "మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగేది. అత్తగారి మోకాళ్ల గురించి చెప్పడానికి ఎవరికైనా బోలెడంత ఉంటుంది కదా. మనం మొదలుపెట్టి ఒక్క మాట పూర్తిచేసేలోగా గాజు మణికట్టు దాటిపోయేది. నొప్పి తెలిసేది కాదు. ధర కూడా తెలిసేది కాదు, అది తర్వాత చెప్పేది.

బేరం ఆడితే ఆవిడ వాదించేది కాదు. కోప్పడేది కాదు. "అంతకి గిట్టదమ్మా" అని, ఆ గాజుల్ని మెల్లిగా, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు, కాగితంలో చుట్టి పైన పెట్టబోయేది. అది చూస్తే మనకే ప్రాణం ఉసూరుమనేది. బజారంతటిలో నేను గెలవని కొట్టు అదొక్కటే. బట్టల కొట్లవాళ్లు నన్ను చూస్తే లోపలికి వెళ్లి ఓనరుని పంపిస్తారు, అంతటి పేరుంది నాకు. ఆవిడ దగ్గర మాత్రం అడిగినంతా ఇచ్చి, ఆవిడ కొసరుగా పడేసిన పిన్నీసుల అట్ట పట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని.

ఆవిడకి ఒక్కడే కొడుకు. ఊళ్లోనే ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం, కోడలికీ ఉద్యోగమే. మంచి పిల్లలు. ఒక ఎండాకాలం పిన్నిగారు కొట్లో స్టూలు మీంచి కళ్లు తిరిగి పడింది. దెబ్బ పెద్దది కాదు గానీ కొడుకు హడలిపోయాడు. ఆ సమయంలోనే ఎవరో సెల్ ఫోన్ల వాళ్లు ఆ కొట్టు అద్దెకిమ్మని తిరుగుతున్నారు. ఇచ్చేసి ఇంట్లో సుఖంగా కూర్చోమంటాడు కొడుకు. ఈవిడ ఔననదు, కాదనదు. ఆ రోజుల్లోనే మా ఊరి ట్రావెల్స్ అతను వంటమనిషితో సహా బ్యాంకాక్ టూరు వేశాడు. మావారికి రైసుమిల్లు సీజను కాబట్టి నన్నొక్కదాన్నే వెళ్లి రమ్మన్నారు. అది తెలిసి ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, అమ్మకి కూడా డబ్బు కట్టేశానండి. కాస్త తోడుండండి. ఆవిడకి తీరికంటే ఏవిటో రుచి చూపించండి. పుట్టి బుద్ధెరిగి ఒక్కరోజు సెలవు తీసుకోలేదండి. ఇదయ్యాకైనా కొట్టు ఇచ్చేస్తుందని నా ఆశ."

సరేనన్నాను. పిన్నిగారు కూడా నాతో దాపరికం లేకుండానే చెప్పింది. "వెళ్లి చూసొస్తాను, బావుంటే నువ్వన్నట్టే ఇచ్చేస్తాన్రా అన్నానమ్మా వాడితో. నాకూ ఒంట్లో ఓపిక తగ్గింది మరి." అంటే ఆ కొట్టు ఉంటుందో పోతుందో ఆ టూరు తేల్చాలన్నమాట. తేల్చే బాధ్యతలో సగం నా నెత్తి మీద పడింది.

మొదటి చిక్కు విశాఖపట్నం విమానాశ్రయంలోనే వచ్చింది. తనిఖీ దగ్గర పిన్నిగారు నడిచినప్పుడల్లా యంత్రం కుయ్యిమంటుంది. చూస్తే బొడ్లో కొట్టు తాళాలగుత్తి. "బ్యాంకాక్‌కి తాళాలెందుకండీ?" అన్నాను. "కొట్టు వదిలేసి వస్తన్నాను కదమ్మా, తాళాలు కూడా వదిలెయ్యమంటావా?" అంది. తనిఖీ చేసే అమ్మాయి తెలుగుపిల్లే, నవ్వి పంపేసింది.

అక్కడికి వెళ్లాక మొదటి రెండు రోజులూ బడికి బలవంతాన పంపిన పిల్లలా ఉంది ఆవిడ. ఏసీ బస్సు, మెత్తటి పరుపులు, మా వంటాయన చేసే ఉప్మాలోకి ఆవకాయ, దేనికీ లోటు లేదు. అయినా పొద్దున్న లేవగానే, "మనూళ్లో ఇప్పుడు టైమెంతయ్యుంటుందమ్మా?" అనేది. చెబితే, "పక్క కొట్టువాడు శటరు తీసుంటాడు" అని నిట్టూర్చేది. నేను ఆ అబ్బాయి మాట తలచుకుని, "ఎంత హాయిగా ఉందో కదండీ పిన్నిగారూ, ఏ పనీ లేకుండా" అనేదాన్ని. "హాయిగానే ఉందమ్మా" అనేది, ఆస్పత్రిలో రోగి బాగానే ఉందన్నట్టు.

నేను చెప్పదలచుకున్నది తిరుగు ప్రయాణానికి ముందు రోజు సంగతి. ఆ రోజు పొద్దున్నే పడుకున్న బుద్ధుడి గుడికి తీసుకెళ్లారు. ఈ చివర తల, ఎక్కడో ఆ చివర పాదాలు, ఒళ్లంతా బంగారు రంగు. మా బస్సులోవాళ్లందరూ ఫొటోల కోసం తోసుకుంటున్నారు. పిన్నిగారు ఆయన్ని తలనుంచి పాదాలదాకా నింపాదిగా చూసి దణ్ణం పెట్టి, "ఏ బాదరబందీ లేని మహానుభావుడమ్మా. మనవల్ల అవుతుందా?" అంది. ఆ వెనకవైపు గోడ పొడుగునా ఇత్తడి గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో చిల్లర నాణెం వేసుకుంటూ పోవాలి. జనం వేస్తుంటే టింగు టింగుమని ఒకటే చప్పుడు. ఆవిడ మొహం అక్కడ విప్పారింది. "గల్లాపెట్టె చప్పుడులా లేదూ!" అని, మళ్లీ చిల్లర మార్చుకుని రెండోసారి కూడా వేసి వచ్చింది. పుణ్యం కోసమని నేను అనుకోను.

తర్వాత నదిలో మోటారు పడవ. అది ఎగిరెగిరి పడుతుంటే మావాళ్లు దేవుళ్లందరినీ పిలిచారు, నేనూ ఇద్దరు ముగ్గురిని పిలిచాను. పిన్నిగారు మాత్రం మడిచిన కాళ్ల మీద చీర సర్దుకుని, వీధి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆవిడ పుట్టిల్లు కొల్లేరులో ఒక లంక.

"నన్ను చూసుకోడానికి మీ బాబాయిగారు పడవలోనే వచ్చారమ్మా. పాపం మన తాడేపల్లిగూడెం మనిషి కదా, అలవాటు లేక కళ్లు తిరిగి వాంతులు చేసుకున్నారు. పెళ్లిచూపుల్లో తల ఎత్తితే ఒట్టు. ఎలాగో ఒకలా ఒడ్డున పడితే చాలని ఒప్పేసుకున్నారు."

"మరి మీరండీ?"

"నేను చూశానుగా. తల వేలాడేసుక్కూచున్నా, చేతిలో గాజుల పెట్టె మాత్రం వదల్లేదు. ఈయన దేన్నీ సగంలో వదిలే రకం కాదనుకున్నాను."

పడవ దిగాక, రోడ్డు పక్కన మామిడిపండు ముక్కలూ, జిగురన్నం మీద కొబ్బరిపాలూ పోసి అమ్ముతుంటే తిన్నాం. అమృతంలా ఉంది. పిన్నిగారు ప్లేటంతా ఖాళీచేసి, "అన్నీ బానే వేశారు గానీ పెరుగు మర్చిపోయారు పాపం" అంది.

మధ్యాహ్నం సంతకి వదిలారు. సంతంటే మన సంత కాదు, ఊరంత సంత. సందు లోపల సందు, దాని లోపల ఇంకో సందు. నాకు కాళ్లు ఆగలేదు. ఇన్నేళ్ల నా విద్య అంతా అక్కడ ప్రదర్శించాలని నిర్ణయించుకున్నాను. భాష రాకపోతేనేం, వాళ్లు కాలిక్యులేటర్ మీద అంకె నొక్కి చూపిస్తారు, మనం అది చెరిపేసి సగం నొక్కి చూపించాలి. ఎంత తీరైన ఏర్పాటు! కానీ నేను సగం నొక్కినప్పుడల్లా పక్కనుంచి "హుహుఁ" అని గొంతు సవరింపు. చేతిసంచుల దగ్గర, బొమ్మల దగ్గర, గొడుగుల దగ్గర, అన్నిచోట్లా అంతే. గొడుగుల అతను దాదాపు దిగివస్తున్నాడు. ఈవిడ ముందుకొచ్చి, గుడ్డ వేలితో నలిపి చూసి, "మంచి సరుకమ్మా, అతను ఎక్కువేం చెప్పలేదు" అంది. తెలుగులోనే అంది గానీ, మొహం చూసి అతనికి అర్థమైపోయింది. బిగుసుకుని కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "మీరెవరి తరఫండీ పిన్నిగారూ?"

"అమ్మేవాళ్ల తరఫేనమ్మా. ఇంకో తరఫు నాకు అలవాటు లేదు."

అలా పోగా పోగా ఒక సందు చివర జడక్లిప్పులు, హెయిర్ బ్యాండ్లు, పూసల గాజులు పెట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. పిన్నిగారి ఈడే ఉంటుంది. రెండు చేతులూ జోడించి, ఏదో అని చివర 'ఖా' అని సాగదీసింది. "విన్నావా, వీళ్లు కూడా మాటమాటకీ అండీ అంటున్నారు" అని మురిసిపోయింది పిన్నిగారు. నేను క్లిప్పుల సెట్టు తీసి బేరం మొదలెట్టాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా దగ్గర చివరి అస్త్రం ఒకటుంటుంది, వద్దులే అన్నట్టు కొట్టు వదిలి నడుచుకుంటూ పోవడం. నాలుగడుగులు వేసేలోగా వెనక్కి పిలుస్తారు. నేను నడిచాను. ఆవిడ పిలవలేదు. పిన్నిగారు పిలిచింది.

"అమ్మాయ్, వెనక్కి రా. అది బోణీ బేరం. వదిలేసి పోకూడదు."

"ఈ వేళప్పుడు బోణీ ఏవిటండీ? భోజనాలవేళ కూడా దాటిపోయింది."

"పక్కన స్టూలుంది, అయినా కూచోలేదు చూడు. బోణీ అవ్వని మనిషికి కూచోబుద్ధి కాదమ్మా."

నేను తిరిగి వచ్చేలోగా పిన్నిగారే చెప్పినంత డబ్బూ తీసి ఆవిడ చేతిలో పెట్టింది. అప్పుడు చూడాలి. ఆ నోటు తీసుకుని ఆవిడ మొదట నుదుటికి ఆనించుకుంది. తర్వాత క్లిప్పుల మీద, బ్యాండ్ల మీద, గాజుల మీద, చివరికి సవరం తగిలించిన బొమ్మ తలకాయ మీద కూడా టపటపా కొట్టుకుంటూ పోయింది. పిన్నిగారు నోరు తెరుచుకుని చూసి, ఒక్కసారిగా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "చూశావా! చూశావా! నేనూ ఇంతే చేస్తానమ్మా రోజూ!" అని, తన చెయ్యి కళ్లకద్దుకుని, గాజులకి తాకించి, అభినయం చేసి చూపించింది. ఆవిడా ఈవిడా ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపరే! నాకూ నవ్వొచ్చింది. ఎందుకో కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఇక పిన్నిగారు అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. ముందు వరసలో పెద్ద క్లిప్పులుంటే వెనక చిన్నవి కనపడవని సర్దడం మొదలెట్టింది. ఆ ఇల్లాలు కాసేపు చూసి, ఒప్పుకుని, తన స్టూలు ఈవిడకి వేసి, తను నూడుల్స్ గిన్నె తెచ్చుకుని తినడానికి కూర్చుంది. ఇంతలో మా టూరు కాదు, వేరే టూరులో వచ్చిన తెలుగువాళ్లు, ఆడవాళ్ల గుంపు అటు వచ్చింది. "ఎంతో చెప్పి చావదేంటి ఈవిడ" అని ఒకామె విసుక్కుంటోంది. "ఏవండీ, ఇలా రండమ్మా, నేను చెబుతాను" అంది పిన్నిగారు స్టూలు మీంచి.

తర్వాత జరిగింది వ్యాపారం కాదు, పెళ్లి సందడి. ఒకరి చెయ్యి ఒళ్లో పెట్టుకుని పూసల గాజు ఎక్కిస్తూ, "మీదే ఊరమ్మా? పిల్లలెంతమంది?" అంటుంది. ఆ ఇల్లాలు కాలిక్యులేటర్ మీద నొక్కిన అంకె చూపించి, బేరమాడితే, "గిట్టదమ్మా, ఈవిడ ఇంత దూరం నించి తెచ్చుకుంటుంది" అంటుంది. ఎంత దూరం నుంచో ఈవిడకేం తెలుసు! ఆ తెలుగువాళ్లు ఈవిడని అక్కడే స్థిరపడ్డ మనిషనుకుని, "ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయిందండీ?" అని అడిగారు.

అంతా బాగానే ఉంది గానీ, చివర్లో అలవాటు కొద్దీ ఒక్కొక్కరి సంచిలోనూ ఒక్కో చిన్న క్లిప్పు కొసరుగా పడేసింది. నూడుల్స్ తింటున్న ఇల్లాలు గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడింది. పాపం, తన సరుకు తన కళ్లముందే ఊరికే పంచిపెడుతుంటే ఎవరికి మాత్రం గుండె ఆగదు? పిన్నిగారు నాలిక కరుచుకుని, "కొసరమ్మా, కొసరు" అని నచ్చజెప్పబోయి, ఆ మాటకి చేతులతో అభినయం కుదరక, చివరికి కొసర్లన్నిటికీ తన పర్సులోంచి డబ్బివ్వబోయింది. ఆవిడ తీసుకోలేదు. జరిగిన అమ్మకం చూసుకుంది, కొసర్లు చూసుకుంది, లెక్క నచ్చినట్టుంది. ఒక ఎర్ర క్లిప్పు తీసి పిన్నిగారి ముడిలో తనే పెట్టింది.

సరిగ్గా అప్పుడే కొడుకు వీడియో కాల్ చేశాడు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"కొట్లో ఉన్నాన్రా."

"కొట్లోనా?!" అని ఆ అబ్బాయి కంగారుపడ్డాడు. పిన్నిగారు ఫోను అటూ ఇటూ తిప్పి చూపించింది. ఆ ఇల్లాలు ఫోనుకి కూడా దణ్ణం పెట్టింది. "అమ్మా, సెల్ ఫోన్ల వాళ్లు ఎల్లుండి అడ్వాన్సు పట్టుకొస్తామంటన్నారు. ఏం చెప్పమంటావు?"

"ఖాళీ లేదని చెప్పు."

"మళ్లీ కళ్లు తిరిగి పడిపోతే ఎలాగమ్మా?"

"ఇంట్లో పడితే చూసేవాళ్లెవర్రా? మీరిద్దరూ ఉద్యోగాలకి పోతారు. కొట్లో పడ్డాను కాబట్టి బజారంతా పరిగెత్తుకొచ్చింది. కావాలంటే ఇంకో ఫ్యాను పెట్టించు. మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తాను. అంతకంటే నా వల్ల కాదు నాన్నా."

ఆ అబ్బాయి నన్ను పిలిచాడు. "అక్కా, మీరైనా చెప్పండి" అన్నాడు. నేను ఎర్ర క్లిప్పు వైపు చూశాను, ఆవిడ మొహం వైపు చూశాను. ఇన్ని రోజుల్లో ఆ మొహం అలా వెలగడం అదే మొదలు. "ఫ్యాను మంచిది చూసి పెట్టించు నాయనా" అన్నాను. ఆ అబ్బాయికిచ్చిన మాట అలా నీళ్లలో కలిసింది. టూరు కుర్రాడు చెమటలు కక్కుతూ వచ్చి, "బస్సు ఎల్లిపోద్దండీ బాబూ" అని మొత్తుకుంటే తప్ప మేం అక్కణ్ణుంచి కదల్లేదు.

ఊరొచ్చిన మర్నాడే కొట్టు తెరిచింది. కొత్త ఫ్యాను కింద ఇంకో నాలుగేళ్లు హాయిగా కూర్చుంది. నాకు ఒక్కసారి కూడా తగ్గించలేదు. బ్యాంకాక్‌లో కలిసి తిరిగాం కదా అంటే, "అందుకే కదమ్మా నీకు రెండు పిన్నీసుల అట్టలు" అనేది. చివరికి నిద్రలోనే వెళ్లిపోయింది, ఇంట్లోనే, ఎవరినీ పరిగెత్తించకుండా.

పెద్దకర్మ అయిన తర్వాత ఒకరోజు పొద్దున్న బజారుకి వెళితే కొట్టు శటరు సగం ఎత్తి ఉంది. లోపల కొడుకు ఒక్కడే, అట్టపెట్టెల్లో గాజులు సర్ది తాళ్లు కడుతున్నాడు. "ఖాళీ చేస్తన్నానక్కా. ఆ సెల్ ఫోన్ల వాళ్లు మళ్లీ అడిగారు. ఇంకెవరున్నారు కూచోడానికి" అన్నాడు. అతని తప్పేం లేదు. అయినా డజను ఆకుపచ్చ గాజులు కావాలన్నాను.

"ఊరికే తీసుకెళ్లండక్కా."

"పొద్దున్నే ఊరికే ఎవరికి కావాలి? ధర చెప్పు."

చెప్పాడు. వదిలించుకునే ధర. "చాలదు" అన్నాను. ఇంకాస్త పెంచాడు. "ఇంకా" అన్నాను. నా జన్మలో పైకి బేరమాడింది అదొక్కసారే. ఆవిడ నా దగ్గర ఎంత తీసుకునేదో అంతకి వచ్చేదాకా వదల్లేదు. అతను డబ్బు తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు నిలబడి, కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

అంతలో పెంటపాడు నుంచి ఇద్దరు ఆడవాళ్లు శటరు కిందనుంచి వంగి లోపలికి వచ్చారు. పెళ్లి ఉందట, గాజులు కావాలట. నా చేతిలోవి చూసి ధర అడిగారు. నేను ఇచ్చిన ధరే చెప్పాడు. పెద్దావిడ సగానికి అడిగింది.

అతను కాసేపు గాజుల వైపే చూశాడు. "అంతకి మా అమ్మ ఇవ్వదండి" అన్నాడు. అని, కింద కూర్చుని, కట్టిన అట్టపెట్టె తాడు విప్పసాగాడు.